పావు కిలో బిగువు

ఉదయం తొమ్మిదికి ఆ ఇంట్లో మూడు చప్పుళ్ళు వినబడుతున్నాయి. ముందుగదిలో తండ్రి, రాకెట్లకి తీగలు బిగించే గట్టింగ్ మిషను కిర్రుమంటోంది. భోజనాల బల్ల దగ్గర తల్లి లెక్కల పేపర్లు దిద్దుతూ, తప్పు కనబడినప్పుడల్లా "అయ్యో నీ మొహం" అని గొణుక్కుంటోంది. వంటింట్లో కూతురు పాలగిన్నెని స్టవ్ మీద దభీమని పెట్టి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దభీమని పెట్టింది.

పాలగిన్నె చేసిన పాపం ఏమీ లేదు. ఫోన్లోకి వచ్చిన రెండు ముక్కలే ఆమె ఒళ్ళు మండించాయి. "మధ్యాహ్నం పన్నెండుకి ఎంట్రీలు మూసేస్తారు. నేను వేరేవాళ్ళని చూసుకుంటున్నాను, నువ్వు నీ దారి చూసుకో." పంపింది కొంగ.

కొంగ ఆమెకి పన్నెండేళ్ళుగా టెన్నిస్ డబుల్స్ పార్ట్‌నర్. నిలబడితే నెట్ మీదినుంచి అవతలి కోర్టంతా కనబడేంత మనిషి. ఈమె అయిదడుగుల మీద ఒక్క అంగుళం, అందుకని ఇంట్లోనూ కోర్టులోనూ అందరికీ పొట్టే. సింగిల్స్‌కి ఇద్దరూ పనికిరారని తేల్చేసిన కోచ్‌లే, ఇద్దరినీ ఒకవైపు నిలబెట్టి చూశాక నోరు వెళ్ళబెట్టారు. అప్పట్నుంచి ఇద్దరి బతుకూ డబుల్సే. ఒకే బస్సు, ఒకే హోటల్ గది, జలుబు చేస్తే ఇద్దరికీ జలుబు.

పెద్ద టోర్నమెంట్లలో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. ఆర్నెల్లుగా వరసగా మొదటి రౌండ్లోనే ఓడిపోయి పొట్టి ర్యాంకు అడుగంటింది. కొంగ మధ్యలో వేరేవాళ్ళతో రెండు టోర్నమెంట్లు ఆడింది కాబట్టి కాస్త నిలదొక్కుకుంది. ఇప్పుడు కొంగ చెయ్యి వదిలేస్తే పొట్టిని పక్కన నిలబెట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, ఆపరేషనైన భుజంతో, మళ్ళీ చిన్న టోర్నమెంట్ల నుంచి మొదలుపెట్టడమంటే ఆట మానేసినట్టే. ఆ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"ఫోన్ చేసి ఒక్కమాట తప్పైపోయిందని చెప్పొచ్చుగా," అంది తల్లి పేపరు మీంచి తల ఎత్తకుండా.

"నేనెందుకు చెప్పాలి? బంతి పైనుంచి వెళ్తుంటే కొంగ మధ్యలోకి దూకుతుంది. నా కొలత తప్పుతుంది. నేను వాలీ కొట్టిన ప్రతి బంతీ జానెడు బయట పడుతోంది. జానెడే! అడుగు పోతే నాది తప్పనుకోవచ్చు."

"ఆట సంగతి కాదే నేనడిగేది. నువ్వన్న ఆ మాట సంగతి."

ఆ మాట అన్నది పోయినవారం, ఓడిపోయిన మ్యాచ్ తర్వాత, పదిమందీ బట్టలు మార్చుకుంటున్న గదిలో. "మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ కోర్టులో శవంలా నిలబడుతున్నావు. ఏడవాలనుంటే ఇంట్లో కూర్చుని ఏడువు, నా ఆట ఎందుకు చంపుతావు?" కొంగ షూ లేసు కూడా కట్టుకోకుండా బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"అన్నది నిజమే కదా," అంది పొట్టి చివరికి.

తల్లి ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టింది. "తల్లిపోయిన పిల్లనే ఆ మాట అనడం! నీకు నోరెలా వచ్చిందే? నేను పోతే నిన్నెవరైనా అంటే?"

"అమ్మా, పొద్దున్నే మొదలెట్టకు!"

అంతలో వీధి తలుపు దగ్గర పళ్ళ డాక్టరు నిలబడి గొంతు సవరించుకున్నాడు. పక్కవీధిలో ఆయన ఆసుపత్రి. ఆదివారం ఆదివారం ఆడే ఆటకి పొట్టి వాడే రాకెట్టే కొన్నాడు, పొట్టి వాడే తీగలే వేయించాడు. ఆ రాకెట్టు పట్టుకున్నాక కూడా ఆయన ఆట ఆదివారం ఆటలాగే ఉంది, అది వేరే సంగతి.

"తల్లీ, డాక్టరుగారిది గోడకుంది, తీసివ్వు. నా చేతిలో తీగ ఉంది, వదల్లేను," అని తండ్రి మిషను దగ్గర్నుంచి కేకేశాడు.

పొట్టి తీసిచ్చింది. డాక్టరు మురిసిపోతూ, "మీకు ఎలా కడతారో నాకూ అలాగే కట్టమన్నానండీ నాన్నగారిని. అచ్చం ఇరవై అయిదు కిలోల బిగువు," అని అరచేత్తో తీగల మీద కొట్టాడు.

టింగ్ మంది.

పొట్టి కనుబొమలు ముడిపడ్డాయి. తీగల బిగువు చెవితో పట్టడం ఆమెకి తండ్రే నేర్పాడు. ఎనిమిదేళ్ళప్పుడు కళ్ళకి రుమాలు కట్టి, రాకెట్టు మీద కొట్టి, ఎంతో చెప్పమనేవాడు. అర కిలో తేడా కూడా తప్పకుండా చెప్పేది. ఇరవై అయిదు ఎలా మోగుతుందో ఆమెకి తెలుసు, ఇప్పుడు మోగింది అదే. మరి తన రాకెట్టు ఈమధ్య అలా మోగినట్టు గుర్తులేదే!

గబగబా వెళ్ళి బ్యాగులోంచి తన రాకెట్టు తీసి కొట్టింది. డబ్ మంది. ఇంకోటి తీసింది. డబ్. మూడోది, నాలుగోది. ఎనిమిది రాకెట్లూ తడిసిన డప్పుల్లా పలికాయి.

"నాన్నా!"

ఆ కేకకి మిషను ఆగిపోయింది.

"నావి ఎంతకి కట్టావు?"

"ఎంతకేంటి, నువ్వు చెప్పినంతకే..."

"నా మొహం చూసి చెప్పు."

తండ్రి ఆమె మొహం చూడలేదు. చేతిలోని తీగని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో ప్లేయర్లందరి రాకెట్లకీ తీగలు బిగించినవాడు. ఒక్కరోజు కూడా ఒక్క కిలో తేడా వచ్చిందని ఎవరిచేతా మాట పడనివాడు. అలాంటి మనిషి కూతురి ముందు నీళ్ళు నమిలాడు.

పళ్ళ డాక్టరు పరిస్థితి కనిపెట్టి, పళ్ళు కనబడకుండా నోరు మూసుకుని మెట్లు దిగిపోయాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు తండ్రి.

"ఎప్పట్నుంచి?"

"ఒక్కసారిగా తగ్గించలేదమ్మా. నువ్వు టోర్నమెంట్‌కి వెళ్ళేముందు కట్టినప్పుడల్లా పావు కిలో. ఏడాదిన్నర నుంచి. నీకు తెలియకుండా ఉండాలని..."

"పదహారు పావులు నాలుగు," అంది తల్లి గుమ్మంలోంచి. లెక్క ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ తర్వాత ఆమె మొహం పాలిపోయింది.

పొట్టికి ఒక్కొక్కటే కళ్ళముందుకి వచ్చింది. తీగలు వదులైతే బంతి ఎక్కువ దూరం ఎగురుతుంది. రాకెట్టు పట్టిన పసిపిల్లకైనా అది తెలుసు. మ్యాచ్‌లో తీగ తెగి అక్కడి వాళ్ళచేత కట్టించుకున్న ప్రతిసారీ "ఇది రాకెట్టా, చెక్కపలకా? మీకు పని రాదా?" అని వాళ్ళమీద ఎగిరింది. వాళ్ళు సరిగ్గా ఇరవై అయిదుకే కట్టారు! ఆర్నెల్లు కొంగని తిట్టింది. నిలబడే చోటు మార్పించింది. వీపు వెనక వేళ్ళతో చూపించే సైగలు మార్పించింది. ఎడమవైపు ఆడే మనిషిని కుడివైపుకి నెట్టింది. అన్నీ చేశాక ఆ మాట అంది.

"ఎందుకు చేశావు? చెప్పు, ఎందుకు?"

"భుజం కోసం." ఇప్పుడు తండ్రి తలెత్తాడు. ఆయనకీ కోపం వచ్చింది. "బిగువు ఎక్కువైతే ప్రతి దెబ్బా భుజానికి తగుల్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఏమన్నాడు? ఇంకోసారి చిరిగితే చెయ్యి పైకి లేవదన్నాడు. ఇరవైమూడుకి దింపుదామమ్మా అంటే నామీద గుడ్లురిమావు. నొప్పుందా అని అడిగితే లేదన్నావు. ఎన్నిసార్లడిగినా లేదే! ఒకరోజు జడ వేసుకోడానికి చెయ్యి లేవక, బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చావు. తలుపు ఇవతల నేనున్నాను. బయటికొచ్చి, కంట్లో సబ్బు పడిందన్నావు. నేనేం చెయ్యాలి? చూస్తూ కూర్చోవాలా?"

"చెప్పాలి! నాతో చెప్పాలి!"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోకపోతే నా ఇష్టం. భుజం నాది, రాకెట్టు నాది!"

"నువ్వు నా కూతురివి!"

"కోర్టులో కాదు!" పొట్టి అరిచింది. "పన్నెండేళ్ళు పక్కన ఆడిన మనిషి, బంతికి అడ్డం వెళ్ళాలంటే వీపు వెనక వేలు చూపించి మరీ వెళ్తుంది నాన్నా. ఇద్దరు కలిసి ఆడేదాంట్లో చెప్పకుండా చెయ్యడం కంటే మోసం ఇంకోటి లేదు. పరాయి మనుషులు చెయ్యరది. నువ్వు చేశావు!"

మోసం అన్న మాటకి తండ్రి చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగాడు. పొట్టి ఆగలేదు. బల్లమీది కట్టరు తీసుకుని మొదటి రాకెట్టు తీగలు టపటపా కత్తిరించేసింది. రెండోది కత్తిరించింది. మూడోది. తీగలు తెగి ఎగిరినప్పుడల్లా తండ్రి భుజాలు అదిరాయి. తల్లి వచ్చి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఎనిమిదీ అయ్యాయి. నేలంతా తీగముక్కలు.

"కట్టు," అంది ఒక ఫ్రేము ఆయన ముందుకి తోసి. "ఇరవై అయిదు. నా కళ్ళముందు. తర్వాత కొంగ దగ్గరికొచ్చి, ఏం చేశావో నీ నోటితో చెప్పు."

తండ్రి మిషను మీద ఫ్రేము బిగించాడు. ముప్పావు గంట పట్టింది. పొట్టి గోడకి ఆనుకుని, బిగువు చూపించే కాటా ముల్లు వైపు రెప్పవేయకుండా చూస్తూ నిలబడింది. జీవితంలో మొదటిసారి తండ్రి పని మీద కాపలా ఉంది. తీగ ఒకసారి ఫ్రేము కన్నంలోంచి జారిపోతే, మళ్ళీ ఎక్కించేదాకా ఇద్దరూ ఆ కన్నం వైపే చూశారు.

తల్లి నేలమీది తీగముక్కలు చీపురుతో ఎత్తుతూ, ఎవరితోనూ కాకుండా అంది. "ఆయన చెప్పలేదు. ఈవిడ నొప్పని చెప్పలేదు. మధ్యలో ఆ పిల్ల, తల్లి లేని పిల్ల, ఇద్దరి పాపం మోసింది. భలే ఇల్లు నాది."

కారులో పొట్టి వెనక సీట్లో రాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపం కుతకుతలాడుతూనే ఉంది. నిజం చెప్పాలంటే ఆ కోపం ఆమెకి కాస్త హాయిగానే ఉంది. ఆర్నెల్ల ఓటమికి ఒక కారణం దొరికింది, ఆ కారణం తాను కాదు.

క్లబ్బులో నాలుగో కోర్టు మీద కొంగ ఒక్కతే సర్వీసులు కొట్టుకుంటోంది. బుట్టలో బంతులు అయిపోవచ్చాయి. గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది. పొట్టిని చూసి మొహం తిప్పుకుంది. వెనక తండ్రిని చూసి మాత్రం ఆగింది.

"ఏంటి బాబాయ్, మీరొచ్చారు?"

తండ్రి నెట్ దగ్గరికి వెళ్ళి, దాని పైపట్టీ పట్టుకుని నిలబడ్డాడు. ఏదీ దాచుకోకుండా చెప్పాడు. పావు కిలో చొప్పున ఏడాదిన్నర, ఎందుకు, ఎంత, ఎవరికీ తెలియకుండా. చెప్పి, "ఆ బంతులు నీవల్ల బయటికి పోలేదమ్మా. నావల్ల పోయాయి," అన్నాడు.

ఆ పొడవాటి మనిషి కోర్టు మీద ఉన్నచోటే చతికిలబడింది.

"ఆర్నెల్లు బాబాయ్," అంది. "నాకు పిచ్చెక్కిందనుకున్నాను. అమ్మ పోయాక నా కళ్ళకి ఏదో అయిందని కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. అన్నీ బాగున్నాయన్నాడు. నమ్మలేదు. ఇంకో డాక్టరు దగ్గరికెళ్ళాను."

తండ్రి నెట్ పట్టీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చూశావా," అంది పొట్టి ముందుకొచ్చి. "మన తప్పేం లేదే. మనిద్దరం బాగానే ఆడాం. అంతా ఈయన..."

"ఆగు." కొంగ ఆమెవైపు కన్నెత్తి చూడలేదు, తండ్రినే చూస్తోంది. "బంతుల సంగతి సరే బాబాయ్. పదిమందిలో మా అమ్మ గురించి ఇది అన్న మాట కూడా మీరే అనిపించారా?"

తండ్రి తల వంచుకున్నాడు. పొట్టికి ఇందాకటి హాయి ఒక్కసారిగా దిగిపోయింది. ముప్పావు గంట కాపలా కాసి కట్టించుకొచ్చిన రాకెట్టు చేతిలో బరువైపోయింది. కొంగ తల్లి ఎవరు? పొట్టికి ఆపరేషనైనప్పుడు, తన తల్లికి పరీక్షల డ్యూటీ పడితే, ఆసుపత్రిలో మూడు రాత్రులు కుర్చీలో కూర్చుని నిద్రపోయిన మనిషి. ఆవిడ పోయిన రెండోరోజే పొట్టి కొంగకి టోర్నమెంట్‌కి టికెట్ తీసి పంపింది. ఆడితే మనసు తేలికపడుతుందని చెప్పింది. అసలు సంగతి, పార్ట్‌నర్ లేకపోతే తన ఆట ఆగిపోతుంది.

"లేదు," అంది పొట్టి. "ఆ మాట నాదే. నాన్నకేం సంబంధం లేదు. రాకెట్టుకీ లేదు. బంతి లోపల పడ్డా, ఏదో ఒకరోజు అనేదాన్నేమో. నిన్ను ఏడవనివ్వకుండా టికెట్ తీశాను చూడు, అక్కడే మొదలైంది. తప్పైపోయిందే. చాలా పెద్ద తప్పు."

కొంగ లేచి నిలబడింది. అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా విరుచుకుపడింది.

"ఇప్పుడొచ్చావా! వారం రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తిట్టడానికైనా చేస్తావని చూశాను. శవమన్నావు కదే నన్ను! మా అమ్మని నా చేతులతో పంపించి వచ్చాను, నాకు తెలీదా శవమంటే ఏంటో? నీ పక్కన నిలబడితే కాసేపు ఆవిడ గుర్తురాదని ఆడాను. అందుకే ఆడాను. నువ్వు దాన్నీ లాగేసుకున్నావు!"

పక్క కోర్టుల్లో ఆట ఆగిపోయింది. పొట్టి కదలకుండా నిలబడి అంతా పడింది. కొంగ అరిచి అరిచి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, బుట్టలోంచి నాలుగు బంతులు తీసింది.

"ముగ్గురు అడిగారు నన్ను. పదకొండున్నరకి చెప్తానన్నాను. వెళ్ళు, నెట్ దగ్గర నిలబడు. ఆ ఇరవై అయిదుతో ఎలా కొడతావో చూస్తాను."

పొట్టి నిలబడింది. మొదటి వాలీ బేస్‌లైన్‌కి అరడుగు లోపల పడింది. రెండోది గీత మీద. మూడోది మూలకి. ఇన్నాళ్ళూ ఎక్కడికో పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టనిపించింది. నాలుగో బంతిని కొంగ పైకి, బలంగా కొట్టింది. పొట్టి ఎగిరి దెబ్బ వేసింది. బంతి లోపలే పడింది. అయితే భుజంలోంచి మోచేతిదాకా కత్తి దిగినట్టయింది. రాకెట్టు జారనివ్వకుండా ఎడమచేత్తో పట్టుకుంది. మొహం మీదికి నవ్వు తెచ్చుకుంది.

కొంగ నెట్ దాకా వచ్చింది. "నొప్పా?"

'లేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండేళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఇచ్చిన మాటే. పొట్టి నెట్ పట్టుకుని నిలబడ్డ తండ్రి వైపు చూసింది. ఆయన ఆమె మొహంకేసి చూడటంలేదు. భుజం వైపు చూస్తున్నాడు. చూస్తూ తన భుజాన్ని తనే గట్టిగా పట్టుకున్నాడు.

"ఉంది," అంది పొట్టి. "చాలా ఉంది. ఆపరేషనప్పట్నుంచీ ఉంది. ఈ ఏడాదే కాస్త తగ్గింది, నేను చేసిన కసరత్తులవల్లే అనుకున్నాను."

ఆ మాట వినగానే తండ్రి నెట్ పైపట్టీ మీద తల ఆనించేశాడు. వీపు ఎగిరెగిరి పడింది. అంత పెద్దమనిషి కోర్టు మధ్యలో పసిపిల్లాడిలా ఏడుస్తుంటే పొట్టికి కోపం పోలేదు కానీ, కాళ్ళు నిలవలేదు. వెళ్ళి ఎడమచెయ్యి ఆయన వీపుమీద వేసింది.

"మోసం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను నాన్నా. కానీ నేను నీకు రెండేళ్ళు అబద్ధం చెప్పాను. అదీ మోసమే."

"తప్పేనమ్మా. ఎన్నిసార్లన్నా అను."

"ఇరవై ఒకటికే కట్టు. ఎనిమిదీ. ఈసారి నేను చెప్తున్నాను, నేను చెప్పానని కట్టు. బంతి ఎగిరితే నా చెయ్యి నేను కుదించుకుంటాను. ఎంత ఎగురుతుందో తెలిస్తే చాలు, నేర్చుకుంటాను." తర్వాత కొంగ వైపు తిరిగింది. "నేర్చుకోడానికి రెండు మూడు నెలలు పడుతుందే. అప్పటిదాకా ఓడిపోతాం. నువ్వు వేరేవాళ్ళతో వెళ్ళినా నేనేం అనుకోను. అనే హక్కు నాకు లేదు."

కొంగ బెంచీ దగ్గరికి వెళ్ళి తువ్వాలుతో మొహం తుడుచుకుంది. ఫోన్ తీసి చాలాసేపు ఏదో నొక్కింది. పదకొండూ ముప్పావు అయింది. పొట్టి అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"నాకు కోపం పోలేదు," అంది కొంగ ఫోన్లోంచి తల ఎత్తకుండా. "రేపు కూడా పోదు. ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. మళ్ళీ మళ్ళీ అంటాను, పడాలి."

"పడతాను."

"అమ్మ సంవత్సరీకం రోజున టోర్నమెంటున్నా సరే ఆడను. నువ్వు మా ఇంటికొచ్చి కూర్చోవాలి, రోజంతా."

"వస్తాను."

"బాబాయ్, మీరు ఏడుపు ఆపండి, నాకు మళ్ళీ వచ్చేలా ఉంది." కొంగ ఫోన్ పొట్టి చేతికిచ్చింది. ఎంట్రీ ఫారంలో మొదటి గడిలో కొంగ పేరు ఉంది, రెండో గడి ఖాళీగా ఉంది. "నీ పేరు నువ్వే వెయ్యి. నావల్ల కాదు ఇవాళ."

పొట్టికి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని, ఒక్కో అక్షరమే వెతికి నొక్కుతూ తన పేరు వేసింది.